కారుణ్యమూర్తి డామియను

భూతదయ సర్వమతములకును సమ్మతమైన ధర్మము. క్రైస్తవ మతమున దీనికొక విశిష్టస్థానము కలదు. యేసుక్రీస్తు ఒక కుష్ఠరోగిని చేతితో తాకి స్వస్థపరచినట్లు సువార్తలు తెలుపుచున్నవి. ఆ కాలమున అట్టి రోగిని తాకుట మాట యటుండ, సమీపించుటకే జనులు వెరచుచుండిరి. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుటయు, రోగిని పరామర్శించుటయు సాక్షాత్తు తనకు చేసిన సేవయే యగునని ఆయన శిష్యులకు బోధించెను. ఈ బోధను విన్నవారు కోట్లకొలదిగా నున్నారు. విని మెచ్చుకొన్నవారును పెక్కురు. దానిని తు.చ. తప్పక ఆచరించి, అందులకు తన దేహమునే వెలగా నిచ్చినవారు మాత్రము అరుదు. అట్టి అరుదైన పుణ్యపురుషులలో ఫాదర్ డామియను ఒకడు.

డామియను జన్మస్థానము ఐరోపా ఖండమునందలి బెల్జియము దేశము. లూవెన్ నగరమునకు సమీపమున ట్రెమెలో అను పల్లె కలదు. అచ్చట 1840వ సంవత్సరము జనవరి 3వ తేదీన ఆయన జన్మించెను. తల్లిదండ్రులు పెట్టిన పేరు జోసెఫ్ డి వూస్టర్. తండ్రి వ్యవసాయము చేయుచు ధాన్యవ్యాపారమును సాగించుచుండెను. జోసెఫు ఆ దంపతులకు ఏడవ సంతానము. తల్లి మిక్కిలి భక్తురాలు. ఆమె బిడ్డలను చుట్టును గూర్చుండబెట్టుకొని పుణ్యాత్ముల చరిత్రలను వినిపించుచుండెడిది. జోసెఫు దృఢకాయుడు. చిన్ననాడే చదువు మాని పొలము పనులలో తండ్రికి తోడ్పడెను. నాగలి పట్టుట, కొయ్యపని చేయుట, బరువులు మోయుట అతనికి బాల్యముననే అలవడినవి. ఆ పనులే ముందు ముందు తన కెంతగా ఉపకరింపనున్నవో ఆ బాలునికి తెలియదు.

కుమారుడు తన వ్యాపారమును నిలుపునని తండ్రి ఆశించెను. అందులకై అతనిని ఫ్రెంచి భాష నేర్చుకొనుటకు వేరొక యూరికి పంపెను. కాని జోసెఫు మనస్సు వ్యాపారముమీద నిలువలేదు. అతని అక్కలలో ఇరువురు అప్పటికే సన్న్యాసినులైరి. అన్నయగు ఆగస్టు లూవెన్ నగరమున పవిత్ర హృదయ సభ అను సన్న్యాసి మఠమున జేరి పాంఫీలు అను పేరు గ్రహించెను. 1859లో జోసెఫు గూడ అదే మఠమున బ్రవేశించెను. పూర్వకాలమున దామియాను అను వైద్యుడొకడు తన సోదరునితో గలిసి ప్రతిఫలము గోరక రోగులకు చికిత్స చేసెనని క్రైస్తవులు చెప్పుకొందురు. జోసెఫు ఆ వైద్యుని పేరే తనకు బెట్టుకొనెను. నాటినుండి అతడు డామియను.

అతనికి తగిన విద్య లేదనియు, అందుచే గురుపట్టమునకు అర్హుడు కాడనియు మఠాధికారులు మొదట దలంచిరి. లాటిను భాష రానివాడు ఆ కాలమున మతాచార్యుడు కాజాలడు. డామియను దిగులుపడి కూర్చుండలేదు. అన్న యొద్ద ఒక్కొక్క మాటయే నేర్చుకొనుచు, స్వల్పకాలమున ఆ భాషను చదివి యర్థము చేసికొనగలిగెను. అతని పట్టుదలను జూచి అధికారులు తమ యభిప్రాయమును మార్చుకొనిరి.

1863లో పాంఫీలును హవాయి ద్వీపములకు మతసేవకై పంపుటకు నిర్ణయమయ్యెను. ప్రయాణమునకు సర్వమును సిద్ధమైనది. ఇంతలో లూవెన్ నగరమున విషజ్వరములు వ్యాపించెను. రోగులకు బరిచర్య చేయుచు పాంఫీలు తానును జబ్బుపడెను. అన్నకు మారుగా తన్ను పంపుడని డామియను పారిసు నగరమునందలి ప్రధానాధికారికి నేరుగా లేఖ వ్రాసెను. చదువు పూర్తికాని యువకుడు, పై అధికారులను దాటి వ్రాయుట సాహసమే. అయినను అతని కోరిక నెరవేరెను. తల్లికి నమస్కరించి ఓడ నెక్కెను. మరల ఆమెను జూచు భాగ్యము అతనికి లభింపలేదు. అట్లాంటికు, పసిఫికు మహాసముద్రములమీద నాలుగు మాసములకు బైగా సాగిన ప్రయాణము తరువాత, 1864 మార్చి 19వ తేదీన అతడు హొనొలులు రేవున దిగెను. ఆ సంవత్సరమే మే 21వ తేదీన అచ్చటి దేవాలయమున గురుపట్టము నందెను.

నాడు హవాయి ఒక స్వతంత్ర రాజ్యము. అచ్చటి ప్రజలు సముద్రమును, చేమచేలను నమ్ముకొని జీవించు సాధువులు. విదేశీయుల ఓడలతో బాటు ఆ ద్వీపములకు మశూచి, పొంగు మొదలగు క్రొత్త వ్యాధులు వచ్చి చేరెను. ఆ వ్యాధుల నెదుర్కొను శక్తి అచ్చటివారి దేహములకు లేదు. అందుచే జనసంఖ్య నానాటికి క్షీణించెను. వానికి దోడు కుష్ఠరోగము గూడ వ్యాపింపసాగెను. ఈ రోగమునకు ఆనాడు మందు లేదు. భయపడిన ప్రభుత్వము 1865లో ఒక చట్టము చేసెను. దాని ప్రకారము రోగులను పట్టి వేరుచేసి మొలొకాయి ద్వీపమునకు బంపవలెను. 1866 జనవరినుండి ఈ ప్రవాసము ఆరంభమయ్యెను.

మొలొకాయి ద్వీపమున ఉత్తరపు దిక్కున కలౌపాపా అను భూశిరము కలదు. దానికి మూడు వైపుల పసిఫికు మహాసముద్రము. నాలుగవ వైపు వేయి అడుగులను మించిన కొండచరియ గోడవలె నిలిచియుండును. కోట కట్టవలసిన పని లేదు, కావలివారు అక్కరలేదు. ప్రకృతియే అచ్చట కారాగారము. రోగులు తమ యాహారమును దామే పండించుకొందురని అధికారులు భావించిరి. వ్రేళ్లు రాలిపోయినవారు, కన్నులు కానరానివారు పార యెట్లు పట్టగలరు? తల్లినుండి బిడ్డను, భర్తనుండి భార్యను వేరుచేసి తెచ్చిరి. హవాయి ప్రజలు ఈ వ్యాధిని ఎడబాపు జబ్బు అని పిలుచుకొనిరి. కొందరు ఆరోగ్యవంతులు మాత్రము తమవారిని విడువలేక, తెలిసి తెలిసి వారితోడనే ఆ చోటికి వెళ్లిరి. ఈ నిరుపేదల ప్రేమను మనము మరువరాదు. డామియనుకు ముందే ఆ తీరమున కరుణ లేకపోలేదు. దానికి చేయూత నిచ్చువారే లేకపోయిరి.

డామియను తొలుత హవాయి అను పెద్ద ద్వీపమున పూనా, కోహాలా మండలములలో తొమ్మిది సంవత్సరములు పనిచేసెను. అచ్చటి భాష నేర్చెను. గుఱ్ఱముమీదను, కాలినడకను కొండలు దాటి పల్లెలు దిరిగెను. తన చేతులతో చిన్న చిన్న దేవాలయములను గట్టెను. తానెరిగిన కుటుంబములలోని రోగులను రాజభటులు తీసికొనిపోవుట ఆయన కన్నులార జూచెను. వారి యేడుపులు ఆయన మనస్సునుండి తొలగలేదు.

1873 మే మాసమున మాయీ ద్వీపమున మతాచార్యులందరు సమావేశమైరి. బిషప్పు లూయీ మెగ్రే మొలొకాయి రోగుల దుస్థితిని వారికి వివరించెను. అచ్చట నివసించుట మృత్యువును ఆహ్వానించుటయే గనుక, ఎవరికిని తాను ఆజ్ఞ యొసంగజాలనని ఆయన సందేహించెను. అప్పుడు నలుగురు యువకులు తమంతట తామే ముందునకు వచ్చిరి. వంతులవారీగా వెళ్లవలెనని ఏర్పాటు. మొదటి వంతు డామియనుది. రెండవ వంతు ఎన్నడును రాలేదు. 1873 మే 10వ తేదీన బిషప్పుతో గూడి ఆయన ఆ తీరమున దిగెను. పశువులను, క్రొత్తగా పట్టుబడిన రోగులను మోసికొనివచ్చిన ఓడ అది. ఆయన వయస్సు ముప్పదిమూడు సంవత్సరములు. మరల పదునారేండ్లు అదియే ఆయనకు ఊరును, ఇల్లును అయ్యెను.

తొలిదినములలో ఆయనకు ఇల్లు లేదు. కలవావో గ్రామమున దేవాలయము ప్రక్కనున్న ఒక మొగలిజాతి వృక్షము క్రింద నిద్రించెను. రోగులను ముట్టరాదనియు, వారి పాత్రలలో భుజింపరాదనియు పై అధికారులు ముందే హెచ్చరించిరి. ఆయన మనస్సు సంసిద్ధమైయున్నను శరీరము ఎదురు తిరిగెను. పుండ్ల దుర్గంధమునకు కడుపులో దిప్పి, ప్రార్థన మధ్యముననే వెలుపలికి బోవలసి వచ్చెడిది. ఆ వాసనను గప్పుటకై ఆయన పొగగొట్టము త్రాగుట అలవాటు చేసికొనెను. దయ యనునది పుట్టుకతో వచ్చు సుకుమారగుణ మని మన మనుకొందుము. డామియను విషయమున అది దినదినమును సాధించుకొన్న విద్య.

ఆ ద్వీపవాసులు చేమదుంపలను ఉడికించి దంచి పోయి అను ముద్ద చేసికొని, ఒకే పాత్ర చుట్టు కూర్చుండి వ్రేళ్లతో దిందురు. ఆ పాత్రలో చేయి పెట్టనివాడు వారికి పరాయివాడే. డామియను ఈ సంగతిని త్వరలోనే గ్రహించెను. దూరమున నిలిచి ధర్మోపదేశము చేసినచో అది తన దయయే గాని వారి కది ఓదార్పు కాదు. అందుచే ఆయన వారితో గలిసి భుజించెను. పుండ్లను గడిగి కట్లు కట్టెను. బిడ్డలను ఎత్తుకొనెను. ప్రసంగించునపుడు తన్ను గూడ రోగులలో నొకనిగా చేర్చుకొని మాటలాడెను.

పొలమున నేర్చిన పనులన్నియు ఇప్పుడు అక్కరకు వచ్చెను. సుత్తియు, రంపమును ఆయన చేతిని విడువలేదు. గాలివానకు గుడిసెలు కూలిపోగా, ప్రభుత్వముతో పోరాడి కలప తెప్పించి, శక్తిగల రోగులను తోడు చేసికొని చెక్క యిండ్లను గట్టెను. త్రాగునీటికి దూరము పోవలేక రోగులు బాధపడుచుండిరి. లోయలోని నీటిని గొట్టముల ద్వారా గ్రామమునకు రప్పించెను. తల్లిదండ్రులు లేని బాలబాలికలకు వసతిగృహములు నెలకొల్పెను. పూర్వము మృతదేహములను సరిగా పాతిపెట్టు దిక్కు గూడ లేదు. డామియను స్వయముగా శవపేటికలు చేసి, గోతులు త్రవ్వి, ప్రతివానికిని మర్యాదతో అంత్యక్రియలు జరిపెను. ఆయన చేసిన శవపేటికలు వందలకొలదిగా నుండును. చావు మాత్రమే యున్న యూరిలో పాటను గూడ నిలిపెను. గాయకబృందమును, వాద్యబృందమును ఏర్పరచెను. కొన్ని వ్రేళ్లు కోల్పోయినవారును తమకు మిగిలిన వ్రేళ్లతో వాద్యములను మ్రోగించిరి.

ఆ కాలమున ఆయన ననుభవించిన ఏకాంతము దుస్సహమైనది. వ్యాధి వ్యాపించునను భీతితో ఆయన రాకపోకలను గూడ అధికారులు కొంతకాలము నిషేధించిరి. కతోలిక సంప్రదాయమున మతాచార్యుడును మరియొక మతాచార్యుని యొద్ద తన పాపములను రహస్యముగా జెప్పుకొనవలెను. దానికి పాపసంకీర్తన మని పేరు. ఒకసారి ఆయన పై అధికారి ఓడలో ఆ తీరమునకు వచ్చెను. ఆయనను దిగనీయలేదు, డామియనును ఓడ నెక్కనీయలేదు. డామియను చిన్న పడవలో ఓడ చెంతకు బోయి, క్రిందనుండి బిగ్గరగా తన పాపములను జెప్పుకొనవలసి వచ్చెను.

డామియను లోపములు లేనివాడు కాడు. ఆయనకు కోపము త్వరగా వచ్చెడిది. తాను తలపెట్టిన పని ఆలస్యమైనచో ఓర్చుకొనలేకపోయెడివాడు. కలప కావలెనని, బట్టలు కావలెనని, మందులు కావలెనని ఆరోగ్యశాఖవారిని మరల మరల పీడించెను. అందుచే వారిలో కొందరికి ఆయనపై నిష్ఠూరము గలిగెను. కాని ఆయన తనకై ఏనాడును పోరాడలేదు.

1881లో హవాయి రాకుమారి లిలియువొకలానీ ఆ గ్రామమును దర్శించెను. రోగులను జూచి ఆమె కంఠము గద్గదమై, ప్రసంగింపబోయి ప్రసంగింపలేకపోయెను. ఆమె డామియను సేవలను గుర్తించి రాజ్యబిరుదమును, పతకమును పంపెను. ఆ వార్త ఇతర దేశములకు బ్రాకెను. కతోలికులే గాక అన్య క్రైస్తవశాఖలవారును ధనము పంపిరి. లండను నగరమున హ్యూ చాప్మన్ అను ఆంగ్లికను మతాచార్యుడు ఆయన కొరకు విరాళములు సేకరించెను. కరుణకు శాఖాభేదము లేదని ఈ సంఘటన చాటుచున్నది.

1884 డిసెంబరులో ఒకనాడు డామియను దూరప్రయాణమునుండి తిరిగి వచ్చి, అలసట తీర్చుకొనుటకు వేడినీటిలో పాదము లుంచెను. నీరు సలసల కాగుచుండెను. చర్మము బొబ్బలెక్కెను. ఆయనకు మాత్రము వేడి తెలియలేదు. స్పర్శజ్ఞానము నశించుట కుష్ఠరోగ లక్షణము. వేలసార్లు ఇతరులలో జూచిన చిహ్నమును ఆయన ఇప్పుడు తనలో జూచెను. మరుసటి సంవత్సరము వైద్యులు పరీక్షించి నిశ్చయించిరి. ఇన్నాళ్లు మాటలో రోగులతో జేరినవాడు ఇప్పుడు దేహముతో గూడ చేరెను. ఆ స్థలమును విడిచిపోవు షరతుపై వ్యాధి నయమగునన్నను తాను పోనని ఆయన తెలిపెను.

1886లో హొనొలులునకు బోయి జపాను దేశపు వైద్యుడు గోటో సూచించిన స్నానచికిత్సను స్వీకరించెను. దాని గుణము నిలువలేదు. కాలము స్వల్పమని తెలిసి పనిని రెట్టించెను. పగలెల్ల దేవాలయపు మరమ్మతు, రాత్రియెల్ల రోగుల పరామర్శ. ఇంతలో సహాయకులును వచ్చి చేరిరి. అమెరికా అంతర్యుద్ధమున సైనికుడైన జోసెఫ్ డటన్ 1886లో వచ్చి, తన శేషజీవితమును అచ్చటనే గడపెను. బెల్జియము మతాచార్యుడు కొన్రార్డీ 1888లో వచ్చెను. ఆ సంవత్సరము నవంబరులో మదర్ మరియాను కోప్ ఇరువురు సన్న్యాసినులతో వచ్చి బాలికల పోషణభారమును స్వీకరించెను. తన తరువాత అనాథ లెట్లు బ్రదుకుదురో యను చింత డామియనుకు తీరెను.

1889 ఏప్రిల్ 15వ తేదీన డామియను కన్నుమూసెను. అప్పటి కాయన వయస్సు నలువదితొమ్మిది సంవత్సరములు. తొలిరాత్రులు తలదాచుకొన్న మొగలివృక్షము క్రిందనే ఆయనను సమాధి చేసిరి. ఎందరికో గోతులు త్రవ్వినవాని శరీరమును రోగులు తమ చేతులతో మోసిరి.

మరణించినను ఆయనకు నింద తప్పలేదు. హొనొలులులోని ఒక మతాచార్యుడు ఆయన మొరటువాడనియు, అశుభ్రుడనియు, ఆయన రోగము ఆయన తప్పిదమువలననే కలిగెననియు వ్రాసెను. ట్రెజర్ ఐలండ్ అను ప్రసిద్ధ గ్రంథమును రచించిన రాబర్టు లూయీ స్టీవెన్సన్ అంతకు ముందే మొలొకాయి వెళ్లి, కొన్ని దినములుండి, రోగులను విచారించి వచ్చియుండెను. ఆయన కతోలికుడు కాడు. డామియను లోపములను ఆయన దాచలేదు. అయినను హాయిగా ఇంట నున్నవారు, మృత్యుముఖమున నిలిచి పనిచేసినవానిని నిందించుట తగదని 1890లో ఒక బహిరంగ లేఖను బ్రకటించెను. ఆ లేఖ లోకమునకెల్ల డామియను పేరును దెలిపెను.

1936లో ఆయన అస్థికలను బెల్జియమునకు గొనిపోయి లూవెన్ నగరమున నుంచిరి. 1995లో కుడిచేతి యస్థికలను మాత్రము మొలొకాయికి తిరిగి తెచ్చి పూర్వపు సమాధియందు నిక్షేపించిరి. రోగుల పుండ్లను గడిగిన చేయి వారి చెంతకే చేరుట ఎంతయు సముచితము. 2009 అక్టోబరు 11వ తేదీన పోపు పదునారవ బెనెడిక్టు ఆయనను పునీతునిగా బ్రకటించెను.

డామియను మొలొకాయిలో దిగిన 1873లోనే నార్వే వైద్యుడు హాన్సెన్ ఈ వ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని కనుగొనెను. మందు లభించుటకు మాత్రము పెక్కేండ్లు పట్టెను. ఇప్పుడు పలు మందులను కలిపి యిచ్చు చికిత్సచే కుష్ఠరోగము పూర్తిగా నయమగుచున్నది. మానవులలో అత్యధికుల దేహములకు దానిని సహజముగనే ఎదుర్కొను శక్తి కలదని గూడ తెలిసినది. హవాయిలో రోగుల నిర్బంధము 1969లో ముగిసెను. అంతవరకు ఆ భూశిరమునకు పంపబడినవారు సుమారు ఎనిమిదివేలమంది. మన దేశమున 1898లో చేసిన కుష్ఠరోగుల చట్టము 2016లో రద్దయ్యెను. తెలుగునాట గూడ ఈ సేవ చేసిన పుణ్యాత్ములు కలరు. నిజామాబాదు చెంత డిచ్‌పల్లిలో డాక్టరు ఇసబెల్ కెర్ 1915లో కుష్ఠరోగులకై ఆసుపత్రిని స్థాపించెను. సేవాగ్రామమున గాంధీమహాత్ముడు పర్చురే శాస్త్రి అను కుష్ఠరోగికి స్వహస్తములతో పరిచర్య చేసెను.

బాలురారా! రోగమునకు మందు దొరకినది. రోగిని దూరముగా నుంచు మనస్సునకు మందు ఏ యౌషధశాలయందును దొరకదు. దానిని మనమే సంపాదించుకొనవలెను. డామియను పండితుడు కాడు, ధనికుడు కాడు, వైద్యుడును కాడు. రెండు చేతులు, ఒక పట్టుదల, తాను నమ్మిన ధర్మమును పాటింపవలెనను నిశ్చయము, ఇవియే ఆయన సంపద. ఇతరులు విడిచిపెట్టినవారి ప్రక్కన గూర్చుండి వారి పాత్రలో చేయి పెట్టగలుగుటయే ఆయన గొప్పతనము. మీ తరగతిలోను, మీ వీథిలోను ఎవ్వరును దగ్గరకు రానీయనివా డొకడు ఉండవచ్చును. వాని చెంతకు పోవుటకు సముద్రములు దాటవలసిన పని లేదు.